చేతికి వేగము, బుద్ధికి నిదానము

నిదానమే ప్రధానమని ఒక లోకోక్తి. ఆలస్యము అమృతమును సైతము విషము చేయునని మరియొక లోకోక్తి. పరస్పర విరుద్ధములుగా తోచు ఈ రెండింటిని ఒకే గడియలో, ఒకే మనిషి విషయమున పాటింపవలసిన చోటు ఏదైన ఉన్నదనిన, అది ఆసుపత్రిలోని అత్యవసర విభాగము. ఆ మనిషి రొమ్ము పట్టుకొని ఆ గడప తొక్కిన రోగి. క్యాజువాలిటీలో కొత్తగా డ్యూటీకి కుదిరిన యువవైద్యుడు, వైద్యురాలు, వారికి కుడిభుజముగా నిలుచు నర్సులు ఈ అధ్యాయమునకు ముఖ్యోద్దిష్టులు. అయినను, తండ్రినో భర్తనో అర్ధరాత్రి ఆటోలో ఎక్కించుకొని పరుగెత్తవలసిన గృహస్థులకు కూడ ఇందు తెలిసికొనదగినది కొంత కలదు. చెప్పదలచినది ఒక్కటే: ఇక్కడ త్వరపడవలసినవి చేతులు, నిదానింపవలసినది తీర్పు. ఈ రెండును తారుమారై, చేతులు తీరికగాను తీర్పు తొందరగాను నడచిన చోటనే ప్రాణములు పోవుచున్నవి.

మొదట వేసికొనవలసిన ప్రశ్న

వైద్యకళాశాలలో మనకు అలవాటైన ప్రశ్న "ఈ రోగికున్న వ్యాధి ఏమి?" అన్నది. వార్డులో దానికి సమాధానము వెదకుటకు దినములు దొరకును; క్యాజువాలిటీలో దొరకునవి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములు. కావున ఆ ప్రశ్నను కొంతసేపు పక్కకు జరిపి, "ఈ గడియలో నేను గుర్తింపనియెడల ఈ మనిషి ప్రాణము తీయగలది ఏది?" అన్నదానిని ముందుకు తెచ్చుకొనవలెను. అట్టివి ఆరు కలవు: గుండెకు రక్తము నందించు ధమని మూసికొనుటయో మూసికొనబోవుటయో, బృహద్ధమని గోడ నిలువున చీలుట, ఊపిరితిత్తులకు పోవు ధమనిలో రక్తపుగడ్డ అడ్డుపడుట, ఊపిరితిత్తి చుట్టును గాలి చేరి, ఆ ఒత్తిడికి గుండెయే పక్కకు జరుగుట, గుండెను కప్పియున్న సంచిలో రక్తమో నీరో నిండి గుండెను అదుముట, అన్నవాహిక పగులుట. కండరపు నొప్పి, పులిత్రేనుపు, పక్కటెముకల కీళ్ళవాపు, ఆందోళన మొదలైనవన్నియు ఈ ఆరింటిని దాటిన పిమ్మట మాత్రమే పలుకదగిన పేర్లు.

ఈ క్రమము ఎందులకన్నచో, వచ్చువారిలో అధికసంఖ్యాకుల బాధ గుండెకు సంబంధించినది కాదు. ఆ ఆధిక్యమే వైద్యుని ఏమరుపాటునకు మూలము. 2000వ సంవత్సరమున న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని 10 ఆసుపత్రుల అత్యవసర విభాగములకు ఛాతీనొప్పితోనో తత్సమానమైన బాధలతోనో వచ్చిన 10,689 మందిని గమనించిరి. వారిలో నూటికి 55 మంది బాధకు గుండెతో సంబంధమే లేదు. గుండెకు రక్తము చాలక తక్షణ ప్రమాదమున నున్నవారు నూటికి 17 మంది. నిజముగా గుండెపోటు వచ్చిన 889 మందిలో 19 మందిని పొరపాటున ఇంటికి పంపివేసిరి. నూటికి రెండు చిన్న సంఖ్యగానే తోచవచ్చును; కాని ఆ ప్రమాదమున ఉండియు వెనుకకు పంపబడినవారు ఎట్టివారో చూచినచో అసలు పాఠము తెలియును. యాబదియైదేండ్లలోపు స్త్రీలు, శ్వేతజాతీయులు కానివారు, నొప్పికి బదులు ఆయాసము చెప్పుకొన్నవారు, ఇ.సి.జి. మామూలుగా కనబడినవారు: వీరికే ఆ అన్యాయము అధికముగా జరిగినది. గుండెరోగి అనగా లావుగా, నడివయస్సు దాటి, చెమటలు కారుచు, గుప్పిట రొమ్మున అదిమిపట్టుకొని వచ్చు పురుషుడని వైద్యుడు మనస్సులో ముందే గీసికొన్న చిత్తరువుతో పోలకపోవుటయే వారి దురదృష్టము.

పది నిమిషములు

చేతుల వేగమునకు మొదటి పరీక్ష ఇ.సి.జి. రోగి గడప దాటిన 10 నిమిషములలో పన్నెండు లీడ్ల ఇ.సి.జి. తీసి, దానిని చదువగల వైద్యుని కంట పడవేయవలెనని అమెరికా, ఐరోపా హృద్రోగ సంఘములు రెండును ఏకగ్రీవముగా విధించుచున్నవి. ఓపీ చీటీ, ఆరోగ్యశ్రీ కార్డు, బీమా కాగితము, ఆధార్ నకలు — ఇవన్నియు ఆ తరువాతి పనులు. మన ఆసుపత్రులలో ఈ పది నిమిషములు వైద్యుని అలసత్వము వలన కంటె కౌంటరు ముందరి వరుసలోనే ఎక్కువగా హరించుకొనిపోవును. కావున ఛాతీనొప్పి అన్న మాట వినబడగానే కాగితముతో పని లేక రోగిని మంచము మీదికి చేర్చు అధికారము ద్వారముకడ నుండు నర్సుకు ముందుగానే ఇచ్చియుంచవలెను.

లైడెన్ నగర వాసియైన విల్లెం ఐంథోవెన్ గుండె విద్యుత్తును గీతలుగా చూపు యంత్రమును రూపొందించి, 1924లో నోబెల్ బహుమానమును పొందెను. నూరేండ్లు దాటినను ఆ గీతలకు సాటియైన శీఘ్రసాక్షి మనకింకను దొరకలేదు. ఆ సాక్ష్యమును చదువుటలో నాలుగు నియమములు గుర్తుంచుకొనుడు. ఎస్.టి. గీత పైకి లేచియున్నచో ఇక ట్రోపోనిన్ అను రక్తపరీక్ష ఫలితమునకై కాచుకొనియుండరాదు. మూసికొన్న ధమనిని తెరచు ప్రయత్నము తత్క్షణమే ఆరంభింపవలెను. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో మార్పు కనబడినచో కుడివైపు వి4 లీడ్‌ను కూడ తీయవలెను; ఏలయన కుడి జఠరిక దెబ్బతిన్నవానికి నాలుక క్రింద నైట్రేటు మాత్ర పెట్టినచో రక్తపీడనము కుప్పకూలును. వి1 మొదలు వి3 వరకు గీత క్రిందికి దిగియున్నచో వీపు మీద వి7, వి8, వి9 లీడ్లు పెట్టి, గుండె వెనుక గోడను విచారింపవలెను. ఇక నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: మొదటి ఇ.సి.జి. నిర్దోషముగా ఉన్నను నొప్పి నిలిచియున్నంతవరకు మొదటి గంటలో 15 నుండి 30 నిమిషముల కొకసారి తిరిగి తీయుచుండవలెను. రోగియొద్ద పాత ఇ.సి.జి. ఉన్నచో దానితో సరిపోల్చవలెను. మామూలుగా ఉన్న ఇ.సి.జి. ఆ క్షణమునకు మాత్రమే సాక్ష్యము. మరుక్షణమునకు పూచీ కాదు.

ధమని పూర్తిగా మూసికొన్నదని తేలినచో, బెలూన్ చికిత్స అదే ఆసుపత్రిలో లభ్యమైనప్పుడు రోగి గడప తొక్కిన 90 నిమిషములలో ఆ పని ముగియవలెను. వేరొక ఆసుపత్రికి తరలింపవలసియుండి, 120 నిమిషములలో అక్కడ ధమని తెరచుకొనదని తోచినచో, నొప్పి మొదలై 12 గంటలు దాటనివానికి గడ్డ కరిగించు మందును ఉన్నచోటనే 30 నిమిషములలో ఎక్కింపవలెను. శ్రీకాకుళపు మన్యమునందో ఆదిలాబాదు అడవులయందో ఉన్న వైద్యునకు ఈ రెండవ మార్గమే తరచుగా ప్రాణాధారము. పెద్ద ఊరికి పంపుచున్నామను తృప్తితో గడియారమును మరచిపోరాదు.

వినుట యను విద్య

చేతులు లీడ్లు అతికించుచుండగానే చెవులు తమ పని మొదలుపెట్టవలెను. 1768లో విలియం హెబర్డెన్ అను ఆంగ్లవైద్యుడు లండన్ రాయల్ కాలేజి ఆఫ్ ఫిజిషియన్స్ సభలో హృదయశూలను వర్ణించుచు ఒక ప్రసంగపాఠము చదివెను. నడచునప్పుడు, అందునను భోజనము చేసి ఎత్తు ఎక్కునప్పుడు పట్టుకొని, నిలబడగానే విడిచిపోవు ఆ బాధను ఆయన ఏ యంత్రము లేకయే, కేవలము రోగుల మాటలను ఓపికతో వినియే రూపుకట్టించెను. నేటికిని శ్రమతో వచ్చి విశ్రాంతితో పోవుట యను లక్షణమునకు విలువ తగ్గలేదు.

మన రోగులు పుస్తకభాషలో నొప్పిని చెప్పరు. "గుండెల మీద బండ పెట్టినట్టుందయ్యా" అనువాడును, "రొమ్ము పట్టేసింది, దవడ లాగేస్తోంది" అను ఆమెయు, "నొప్పేం లేదు బాబూ, ఊపిరందడం లేదు, ఒళ్ళంతా చల్లబడిపోతోంది" అను ముదుసలియు ఒకే వ్యాధిని మూడు నోళ్ళతో చెప్పుచుండవచ్చును. వారి మాటలను యథాతథముగా కేసు షీటు మీద వ్రాయుడు. మీ అనువాదమును తరువాత చేర్చుకొనుడు. నొప్పి రెండు చేతులకును, లేదా కుడిభుజమునకు పాకుట, చెమటలు, వాంతి, శ్రమతో సంబంధము — ఇవి అనుమానమును పెంచును. సూదితో పొడిచినట్లుండుట, ఊపిరి పీల్చినప్పుడు హెచ్చుట, వేలితో చూపగల ఒక్కచోటనే ఉండుట, నొక్కినచో నొప్పి తిరిగి వచ్చుట — ఇవి అనుమానమును తగ్గించును గాని, వీనిలో ఏ ఒక్కటియు దానిని నిర్మూలింపజాలదు. మధుమేహులు, వృద్ధులు, స్త్రీలు నొప్పి ప్రసక్తియే లేక నిస్సత్తువ, ఆయాసము, పొట్టపై భాగమున బరువు మాత్రమే చెప్పుట అపూర్వము కాదు.

రోగి వెంట ఒక మాట కూడ వచ్చును. దాని పట్ల జాగరూకత అవసరము. "గ్యాస్ అయ్యుంటుంది లెండి" అన్నదే ఆ మాట. రోగి అనును, బంధువులు అందురు, దారిలో మందులషాపు వాడు అదివరకే అనియుండును. పులుపును విరుచు మందు తాగగానే నొప్పి తగ్గినంతమాత్రాన అది గ్యాస్ అని సిద్ధాంతీకరింపరాదు. అట్లే నైట్రేటు మాత్రకు తగ్గినంతమాత్రాన గుండెనొప్పి అనియు నిర్ణయింపరాదు. ఈ రెండు ఉపశమనములును నిర్ణయమునకు పనికిరావని పలు పరిశీలనలు తేల్చినవి.

అడుగుటకు సంకోచించు ప్రశ్నలు కొన్ని కలవు. వానిని అడుగుటయే వృత్తిధర్మము. పొగాకు సంగతి స్త్రీలను అడుగము. కాని ఉత్తరాంధ్ర తీరమున చుట్టను నిప్పువైపు నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు తరతరములుగా కలరు. గుట్కా, ఖైనీ నమలువారు "సిగరెట్టు అలవాటు లేదు" అని నిజమే చెప్పుదురు. సిల్డెనాఫిల్ వంటి మాత్ర వేసికొన్నవానికి ఒక దినములోపల నైట్రేటు ఇచ్చుట అపాయకరము. భార్యాబిడ్డల ఎదుట ఆ మాట పెగలదు గనుక, వారిని ఒక నిమిషము వెలుపల నిలిపి అడుగవలెను. ఇంటిలో తండ్రికో అన్నదమ్ములకో 55 ఏండ్లలోపున, తల్లికో అక్కచెల్లెండ్రకో 65 ఏండ్లలోపున గుండెజబ్బు వచ్చినదా అన్న విచారణ మరువరాదు.

చేతులు చెప్పు సాక్ష్యము

ట్రోపోనిన్ నమూనా పంపగానే పరీక్ష ముగిసినదని భావించుట ఈ కాలపు దురభ్యాసము. తక్కిన ఐదు మృత్యుకారణములను పట్టి ఇచ్చునది మీ చేయియే. రెండు చేతులకును రక్తపీడనము చూడుడు. 20 మిల్లీమీటర్లకు మించిన భేదమున్నను, నొప్పి ఒక్కసారిగా పతాకస్థాయిలో మొదలై వీపులోనికి చీల్చుకొని పోయినట్లున్నను, బృహద్ధమని చీలికను అనుమానించి సి.టి. యాంజియోగ్రామ్ తీయింపవలెను. ఇచ్చట తొందరపడిన తీర్పునకు శిక్ష కఠినము: చీలిన ధమని ఒక్కొక్కప్పుడు గుండె ధమని మూలమును కూడ మూసి, ఇ.సి.జి.లో అచ్చమైన గుండెపోటు గీతనే చూపును. అది చూచి గడ్డ కరిగించు మందు ఎక్కించినచో అదే మృత్యుహేతువగును.

పిక్కలను రెండింటిని పోల్చి చూడుడు. ఒకటి వాచియుండి, రోగి ఇటీవల శస్త్రచికిత్స పొందినవాడో, దినముల తరబడి మంచము పట్టినవాడో, దీర్ఘప్రయాణము చేసినవాడో అయినచో, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డను తలపవలెను. ఒకవైపు శ్వాసధ్వని లేక, మెడ నరములు ఉబ్బి, పీడనము పడిపోవుచున్నచో, ఎక్స్‌రే గదికి పంపుటకు వ్యవధి లేదు. గాలిని బయటికి విడుచుటకు సూది గుచ్చవలసినదే. మెడ నరములు ఉబ్బి, గుండె చప్పుడు దూరమునుండి వినబడినట్లున్నచో, మంచముకడనే ఎకో పెట్టి గుండె చుట్టు ద్రవము చూడవలెను. బలమైన వాంతుల వెంబడి ఛాతీనొప్పి వచ్చి, మెడ చర్మము క్రింద గాలి చిటపటలాడినచో అన్నవాహిక పగిలినదేమో విచారింపవలెను. 1724లోనే హెర్మన్ బూర్హావే వర్ణించిన ఈ విపత్తు అరుదైనదే గాని, తలపునకు రానివానికి అది ఎన్నటికిని కనబడదు. చివరకు చొక్కా తీయించి చర్మమును చూడుడు. పొక్కులు పైకి లేవకముందే దినముల తరబడి మండు అక్కి కూడ ఛాతీనొప్పి వేషమున వచ్చును.

రోగి గుండెపోటునకే గురియైనాడన్న అనుమానము బలపడి, బృహద్ధమని చీలిక సూచనలుగాని, రక్తస్రావముగాని, పడని చరిత్రగాని లేనప్పుడు, ఆస్పిరిన్ 325 మిల్లీగ్రాముల మాత్రను నమిలింపవలెను. 1988లో ప్రకటితమైన ఐసిస్-2 అను పరిశోధనలో 17,187 మంది రోగుల మీద ఈ సామాన్యమైన మాత్ర ఒక్కటియే ఐదు వారములలో హృద్రక్తనాళ మరణములను నూటికి 23 వంతున తగ్గించినది. స్ట్రెప్టోకైనేజ్‌తో కలిసి 42 వంతున తగ్గించినది. ప్రాణవాయువు మాత్రము రక్తములో దాని సంతృప్తత నూటికి 90 కంటె తగ్గినవారికే. అందరి ముక్కునకు గొట్టము తగిలించుట పాత ఆచారము, ప్రయోజనము లేనిది.

రక్తపరీక్షయు, కాలమును

గుండె కండరము దెబ్బతిన్నప్పుడు రక్తములోనికి వెలువడు మాంసకృత్తును కొలుచుటయే ట్రోపోనిన్ పరీక్ష. పాత పద్ధతి పరీక్షలలో ఇది నొప్పి మొదలైన మూడు నుండి ఆరు గంటలకు గాని బయటపడదు. కనుక, "నొప్పి ఎప్పుడు మొదలైనది?" అన్న ప్రశ్నకు గంట, నిమిషములతో సమాధానము వ్రాయనియెడల ట్రోపోనిన్ ఫలితమునకు అర్థమే లేదు. భద్రాచలముకడ గోదావరి మట్టము 43 అడుగులున్నదని ఒక్క మాట వినిన, వరద వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదు. గంట తరువాతి మట్టము కూడ విన్నప్పుడే లంకలలోని వాడు మూట సర్దుకొనవలెనో ఊరకుండవలెనో నిశ్చయించుకొనును. ట్రోపోనిన్ సంగతియు ఇంతే. ఆరోగ్యవంతులలో నూటికి 99 మందికి మించని విలువను హద్దుగా పెట్టి, రెండు నమూనాల నడుమ ఆ విలువ పెరుగుచున్నదా, తరుగుచున్నదా, నిలకడగా ఉన్నదా అని చూడవలెను. మూత్రపిండముల జబ్బుగలవారిలో హద్దు మించియు నిలకడగా ఉండుట కలదు. గుండె కండరపు వాపు, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ, రక్తమున సూక్ష్మజీవుల విషము వ్యాపించుట — ఇవి కూడ దానిని పెంచును. అనగా ట్రోపోనిన్ గాయము కలదని చెప్పునే గాని, గాయము చేసినది ఎవరో చెప్పదు.

అధిక సున్నితత్వముగల నూతన పరీక్ష ఉన్న ఆసుపత్రిలో రాగానే ఒకటి, గంటకో రెండు గంటలకో మూడు గంటలకో రెండవది తీసిన సరిపోవును. పాత పరీక్ష మాత్రమే ఉన్నచోట రెండవ నమూనాకు మూడు నుండి ఆరు గంటలు వేచియుండవలెను. రోగి "తగ్గిపోయింది, వెళ్ళిపోతానండి" అని బతిమాలు సమయము సరిగా ఇదియే. ఆ వేచియుండుట చికిత్సలో భాగమని అతనికి మొదటనే నచ్చజెప్పియుంచుడు.

అంకెల సాయము, అంకెల హద్దు

ఇ.సి.జి. స్పష్టముగా చెప్పని రోగుల విషయమున ప్రమాదమును తూచుటకు 2008లో నెదర్లాండ్స్ వైద్యులు హార్ట్ స్కోరు అను సులభగణనమును ప్రతిపాదించిరి. రోగి చెప్పిన వృత్తాంతము, ఇ.సి.జి., వయస్సు, ప్రమాదకారణములు, ట్రోపోనిన్ — ఈ ఐదింటికి ఒక్కొక్కదానికి సున్న, ఒకటి, రెండు అని మార్కులు వేసి కూడవలెను. ఊహకు ఒక ఉదాహరణము: ఏబదిరెండేండ్ల ఉపాధ్యాయుడు, మేడమెట్లు ఎక్కునప్పుడు రొమ్ము బిగిసినదనును గాని, ఆ బాధ శ్రమ లేనప్పుడును ఒకటి రెండుసార్లు వచ్చినదనును. వృత్తాంతమునకు ఒకటి. ఇ.సి.జి.లో నిర్దిష్టము కాని చిన్న మార్పు, ఒకటి. వయస్సు 45 కు 65 కు నడుమ, ఒకటి. మధుమేహము, రక్తపోటు ఉన్నవి, ఒకటి. ట్రోపోనిన్ హద్దులోనే ఉన్నది, సున్న. మొత్తము నాలుగు. సున్న మొదలు మూడు వరకు స్వల్పప్రమాదము, నాలుగు మొదలు ఆరు వరకు మధ్యమము, ఏడు మొదలు పది వరకు తీవ్రము గనుక, ట్రోపోనిన్ బాగున్నను ఈ ఉపాధ్యాయుడు ఆ రాత్రి ఆసుపత్రిలో ఉండవలసినవాడే. 2013లో ప్రకటితమైన ఒక పరీక్షణమున, స్వల్పప్రమాద వర్గములో ఆరు వారములలోపల గుండెపోటు మొదలైన పెద్ద ఆపద కలిగినవారు నూటికి 1.7 మంది; మధ్యమవర్గమున 16.6 మంది, తీవ్రవర్గమున సగము మంది.

ఈ గణనము గుండె ధమనుల సంగతినే చెప్పును. బృహద్ధమని చీలికను గూర్చి గాని, ఊపిరితిత్తుల గడ్డను గూర్చి గాని ఒక్క మాట చెప్పదు. రెండు మార్కులు వచ్చినవని సంతోషించి రెండు చేతుల పీడనము చూడని వైద్యుడు, అంకెను విని మనిషిని వినని వైద్యుడు.

లోపలి శత్రువులు

ఇంతవరకు చెప్పినది విద్య. విద్య తెలిసినవారే పొరబడుచుండుటకు కారణము స్వభావమున కలదు. వ్యక్తిత్వమును దిద్దుకొనగోరువాడు ఈ శత్రువులను పేరుపేరున ఎరిగియుండవలెను. మొదటిది, మొదట విన్న మాటకు అంటుకొనిపోవుట. రిఫరల్ చీటీ మీద ఎవరో వ్రాసిన "గ్యాస్ట్రైటిస్" అను మాట నలుగురు వైద్యుల చేతులు మారి, ఎవరును పరీక్షింపకయే సత్యమైపోవును. రెండవది, పరిచయము వలని చులకన. నెలకు రెండుసార్లు ఏడ్చుకొనుచు వచ్చు ఆమెకు ఈసారి కూడ ఆందోళనయే అని ముందే తీర్మానించుకొనుట. మూడవది, వయస్సు మీద నమ్మకము. ముప్పదియైదేండ్లవానికి గుండెపోటు రాదని ఏ శాస్త్రమును అభయమియ్యలేదు. నాలుగవది, అభిమానము, తెల్లవారుజామున రెండు గంటలకు హృద్రోగ నిపుణుని లేపి, "సార్, నాకు ఈ గీత నచ్చలేదు" అని చెప్పుటకు సిగ్గుపడుట. ఆ పిలుపు అనవసరమని తేలినను పోవునది ఒకరి గంటసేపు నిద్ర మాత్రమే. ఐదవది, డ్యూటీ మారునప్పటి మరపు. రాత్రి తీసిన రెండవ నమూనా ఫలితము ఉదయము ఎవరి బాధ్యతయో ఎవరును చెప్పుకొనకపోవుట. అప్పగింతలో రోగి పేరు, నొప్పి మొదలైన వేళ, ఇంకను రావలసిన ఫలితము, అది వచ్చిన పిమ్మట చేయవలసినది — ఈ నాలుగును నోటితో చెప్పి, కాగితము మీద వ్రాయవలెను.

ఇంటికి పంపుట

పంపివేయుట కూడ ఒక చికిత్సయే. దానికిని శ్రద్ధ కావలెను. "మీ గుండెకు ఏమీ లేదు" అన్నది వినుటకు ఇంపైన మాటయే గాని, శాస్త్రము అంత ధైర్యమును మనకు ఇయ్యలేదు. "ఇప్పటివరకూ చేసిన పరీక్షల్లో గుండెపోటు గుర్తులు కనపడలేదు. కానీ నొప్పి మళ్ళీ వచ్చినా, ఆయాసం వచ్చినా, చెమటలు పట్టినా, అర్ధరాత్రయినా సరే వెంటనే రండి, బండి మీద రాకండి, 108కి ఫోన్ చేయండి" అని వారి భాషలో, వెంట వచ్చినవారు కూడ వినునట్లు చెప్పి, కొద్ది దినములలోనే ఎవరిని కలియవలెనో తేదీతో వ్రాసి ఇయ్యవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ 108 సేవ నేడు పల్లెపల్లెకు తెలిసినదే. అయినను మన దేశమున ఆలస్యము ప్రధానముగా ఇంటిలోనే జరుగుచున్నది. 50 నగరములలోని 89 ఆసుపత్రులకు చేరిన 20,468 మందిని పరిశీలించి 2008లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన వ్యాసమున, నొప్పి మొదలైనది మొదలు ఆసుపత్రి చేరుటకు మధ్యస్థముగా పట్టిన కాలము 360 నిమిషములు. ఆసుపత్రి చేరిన పిమ్మట గడ్డ కరిగించు మందు అందుటకు పట్టినది 50 నిమిషములే. ఒకసారి వచ్చి, కసరు మాటలు విని, పరిహాసమునకు గురియై వెనుకకు పోయినవాడు రెండవసారి మరింత ఆలస్యముగా వచ్చును. కనుక, మీరు ఇంటికి పంపు ప్రతి రోగియు తిరిగి రావలసివచ్చినప్పుడు సంకోచింపకుండునట్లు పంపవలెను.

అభ్యాసము

చదువుటతో ఈ గుణములు అబ్బవు. మూడు అభ్యాసములను ఆరు నెలలు పాటింపుడు. ప్రతి ఛాతీనొప్పి రోగి కేసు షీటు మీద ఆ ఆరు పేర్లను వ్రాసి, ఒక్కొక్కదానిని దేని ఆధారమున కొట్టివేసితిరో ఎదురుగా ఒక్క మాట వ్రాయుడు. ఇ.సి.జి. చూడకముందే, వృత్తాంతము మాత్రము విని, ప్రమాదము స్వల్పమా, మధ్యమమా, తీవ్రమా అని మీ అంచనాను గుర్తించి, పిమ్మట నిజముతో సరిచూచుకొనుడు. మీ చెవులు ఎంత పదునెక్కినవో మీకే తెలియును. ఇంటికి పంపినవారిని, వారి అనుమతి పొంది, వారమునకు ఫోనులో పలుకరింపుడు. ఏ పుస్తకమును చెప్పజాలని పాఠములు ఆ పలుకరింపులలో దొరకును.

రొమ్ము పట్టుకొని మీ యొద్దకు వచ్చినవానికి మొదటి పది నిమిషములలో మీ చేతుల వేగమును, తరువాతి గంటలలో మీ బుద్ధి నిదానమును ఇయ్యుడు. అతనిని ఇంటికి పంపుచున్నప్పుడు, పంపుటకు కారణమేమో ఒక్క వాక్యమున స్పష్టముగా కాగితము మీద వ్రాయుడు. ఆ వాక్యము వ్రాయుటకు చేయి రాకున్నచో, అతనిని పంపకుడు.